వెంకటరమణప్ప పీకేసిన వాల్వు

హోసూరులో డెంకణికోట రోడ్డు మీదున్న వెంకటరమణప్ప షెడ్డుకు బోర్డు లేదు. ముప్పై ఏళ్ల కిందట ఒకటి రాయించాడు గానీ, ఒక గాలివానకు అది ఎగిరిపోయి పక్కవీధిలో ఎవరి కోళ్లగూటికో పైకప్పయింది. ఆయన వెళ్లి అడగలేదు, మళ్లీ రాయించే అవసరమూ రాలేదు. డీజిల్ బండి ఏదైనా పొగ కక్కినా, మూలిగినా, నడిరోడ్డులో మొండికేసినా, "రమణప్ప దగ్గరికి తోలుకుపో" అని దారిన పోయేవాళ్లే చెబుతారు. తమిళంలో అడిగినవాడికి తమిళంలో, కన్నడంలో అడిగినవాడికి కన్నడంలో చెబుతారు.

మనిషికి అరవై రెండేళ్లు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఇంజిన్ గొంతు వినాలంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజినుకు తాకించి, పిడిని చెవికి ఆనించి కళ్లు మూసుకుంటాడు. ఆ సమయంలో ఎవరైనా నోరు విప్పారో, ఒంటికాలి మీద లేస్తాడు. ఆ చెవీ, ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పేరూ, ఈ రెండే తన ఆస్తి అని ఆయన లెక్క. చేసిన పనికి ఇంతవరకు ఎవరి చేతా మాట పడలేదన్నది ఆయన గర్వం. ఆ గర్వం కాస్త మోతాదు మించిందన్నది ఆయన భార్య అలివేలమ్మ అభిప్రాయం. ఆమె ఆ అభిప్రాయాన్ని దాచుకునే మనిషి కాదు.

రమణప్ప పుట్టింది సామల్పట్టి దగ్గర ఒక పల్లెలో. పదిహేనో ఏట రైలెక్కి తిరుపత్తూరు పోయి, ఏళుమలై అనే మెకానిక్ మేస్త్రీ దగ్గర పనికి కుదిరాడు. తిరుపత్తూరు ఎండ సంగతి ఆ ఎండలో నిలబడినవాళ్లకే తెలుస్తుంది. వేసవి వచ్చిందంటే బండ్లు రేడియేటరు నుంచి ఆవిరి కక్కుకుంటూ షెడ్డు ముందు వరుస కట్టేవి. ఏళుమలై ఏ బండి పట్టుకున్నా ముందుగా చేసే పని ఒకటుంది. ఇంజినుకూ రేడియేటరుకూ నడుమ నీటి దారిలో ఉసిరికాయంత వాల్వు ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ అది మూసుకుని నీళ్లను ఆపుతుంది. వేడెక్కాక తెరుచుకుని వదులుతుంది. ఎప్పుడైనా అది మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోతే ఇంజిన్ కాలిపోతుంది. అందుకని ఏళుమలై దాన్ని పీకి అవతల పడేసేవాడు. చలిదేశాల వాళ్లు తమ కోసం పెట్టుకున్నది మనకెందుకని ఆయన వాదం.

గురువు మాట రమణప్పకు వేదం. పదేళ్ల తర్వాత హోసూరులో ఫ్యాక్టరీలు పెరిగి బండ్లు పెరుగుతున్నాయని విని, ఇక్కడికి వచ్చి సొంత షెడ్డు పెట్టుకున్నాడు. తిరుపత్తూరులో చొక్కా విప్పి పనిచేసినవాడు ఇక్కడ మార్గశిరంలో చెవులకు మఫ్లరు చుట్టుకున్నాడు. మఫ్లరు చుట్టుకునే వాల్వులు పీకాడు. చేతికి పట్టుబడిన అలవాటును ఊరు మారినంత మాత్రాన ఎవరు ప్రశ్నిస్తారు? పీకినవాటిని మాత్రం పారేయడానికి మనసొప్పక ఒక బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు.

అలా పీకినవాటిలో సీతమ్మ బండి వాల్వు ఒకటి.

సీతమ్మది డెంకణికోట దాటాక అడవి అంచున ఉన్న పల్లె. ఆరెకరాల పొలం. భర్త వాసుదేవ సేద్యంలో మొనగాడు గానీ స్టీరింగు పట్టుకుంటే చెమటలు పట్టి దిగిపోయేవాడు. అందుకని ఇరవై ఏళ్ల కిందట పాత డీజిల్ బండి ఒకటి కొన్నప్పుడు తోలడం సీతమ్మే నేర్చుకుంది. రాగి కోసిన మడిలో నేర్చుకుంది. వెనక సీట్లు పీకేయించి, చిక్కుళ్లూ టమోటాలూ, గింజల కోసం పండించే అనపకాయలూ నింపుకుని తెల్లవారేసరికి హోసూరు మార్కెట్టుకు చేరేది. కొన్న కొత్తలో ఆ బండి ఘాట్ రోడ్డు ఎక్కితే చాలు ఉడికిపోయేది. రమణప్ప రేడియేటరులో పాచి కడిగి, పగిలిన గొట్టం మార్చి, తన అలవాటు ప్రకారం వాల్వు కూడా పీకేశాడు. అసలు జబ్బు పాచితోనే పోయింది. ఘనత మాత్రం వాల్వు పీకుడుకు దక్కింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఆ బండి ఒక్కసారీ వేడెక్కలేదు. అద్దం కింద ఇంజిన్ వేడిని చూపే ముల్లు కింద పడుకున్నది పడుకున్నట్టే ఉండేది. సీతమ్మ ఆ ముల్లును చూపించి ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోవడంతో ఆగలేదు, ఊళ్లో ఎవరు బండి కొన్నా దగ్గరుండి రమణప్ప షెడ్డుకు పంపింది.

మొన్న మార్గశిరంలో ఒక తెల్లవారుజామున ఆమె అనపకాయల మూటలతో బయల్దేరింది. అడవి మలుపులో ఏనుగులు రోడ్డు దాటుతున్నాయి. అలాంటప్పుడు బండి ఆపేసి, లైట్లార్పి, గమ్మున కూర్చోవడం ఆ పల్లెల వాళ్లకు అలవాటు. సీతమ్మ అలాగే చేసింది. మంద దాటిపోయింది. ఒక్క ఏనుగు మాత్రం వెనక్కి తిరిగి నిలబడింది. దానికి అనపకాయల వాసన తగిలినట్టుంది. ఇక కదలడం మంచిదనుకుని సీతమ్మ తాళం తిప్పింది. ఇంజిన్ గురగురమని ఆగిపోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే. ఆ ఏనుగు నాలుగడుగులు వేసి, తొండం ఎత్తి, కాసేపు ఆలోచించి, ఏమనుకుందో అడవిలోకి దిగిపోయింది. సీతమ్మ తెల్లారేదాకా బండి దిగలేదు. ఎవరిదో ట్రాక్టరుకు కట్టుకుని బండిని హోసూరుకు లాక్కొచ్చారు.

షెడ్డుకు ఆమెతో పాటు కూతురు భువన కూడా వచ్చింది. భువన హోసూరులోనే ఇంజిన్ భాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో కొలతలు తీసే పని చేస్తుంది. తల్లి సీతమ్మ రమణప్పను అన్నా అని పిలుస్తుంది కాబట్టి భువనకు ఆయన మామ.

రమణప్ప తిప్పలు పడి ఇంజిన్ స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీశాడు. లోపల్నుంచి పొగ బుసబుసమని వచ్చింది. గేజి పెట్టి చూస్తే నాలుగు సిలిండర్లలో రెండింటికి బలం సగానికి పడిపోయింది.

"ఇంజిన్ పని వచ్చేసిందమ్మా. సిలిండర్లు లోపల అరిగి బోరు పోయింది," అన్నాడు.

"ఏం చేసేదన్నా ఇప్పుడు?"

"రెండు దోవలుండాయి. ఒకటి, దీన్నే విప్పి, బోరు వేయించి, పిస్టన్లు మార్చి, క్రాంకు లేతు మిషనుకిచ్చి మళ్లా కట్టేది. ఇరవై దినాలు పడుతుంది. రెండోది, బెంగళూరులో పాత బండ్లు విప్పే యార్డులో ఇదే రకం ఇంజిన్ ఒకటుండాది. తెచ్చి దించేస్తే రెండు దినాల్లో నువ్వు ఊరికి పోవచ్చు. ఖర్చు అటూ ఇటూ ఒకటే."

"ఆ ఇంజిన్ బాగుండాదా?"

"యార్డోడు బాగుందనే అంటాడు. అమ్ముకునేది వాడు కదా."

భువన ఇంజిన్ మార్చడానికే మొగ్గింది. అనపకాయ సీజను సంక్రాంతి దాటితే అయిపోతుంది, ఇరవై రోజులు బండి లేకపోతే కాయ చెట్టునే ముదిరిపోతుంది. సీతమ్మకు మాత్రం ఆ ఇంజినంటే ఒకరకమైన మమకారం. తన చేతుల్లో తిరిగిన ఇంజిన్ అది.

"హెడ్డు విప్పి చూసి చెప్తా. రెండు దినాలియ్యి," అన్నాడు రమణప్ప.

బయల్దేరబోతూ భువన అద్దం కిందికి వంగి చూసింది. "మామా, ఇంతసేపు ఇంజిన్ ఆడింది కదా, ఈ ముల్లు ఎందుకు పైకి లేయల్యా? పాడయిందా?"

సీతమ్మ పొంగిపోయింది. "పాడవలేదు పాపా, మన బండికి లేయనే లేయదు. ఇరవై ఏండ్లుగా ఇంతే. మా రమణన్న హస్తవాసి!"

"అదెట్లమ్మా? మా ఫ్యాక్టరీలో వేడెక్కినంక గానీ ఇంజిన్ను కొలవనే కొలవరు. చల్లగా తిరిగితే లోపల అరిగిపోతుందంటారు."

"ఫ్యాక్టరీ వేరు, రోడ్డు వేరమ్మా," అని రమణప్ప విసుక్కున్నాడు. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల తనకు ఇంజిన్ పాఠం చెప్పడమేమిటని లోపల చురుక్కుమంది. ఆ చురుకు తగ్గకముందే హెడ్డు విప్పడానికి కూర్చున్నాడు.

హెడ్డు లేచింది. వేలు లోపలికి పెట్టి బోరు గోడను తడిమాడు. పై అంచు దగ్గర గోరుకు అరుగుదల మెట్టు తగిలింది. అంత మెట్టు ఈ బండి తిరిగిన తిరుగుడుకు రాకూడదు. ఆయిల్ మూత లోపలి వైపు తెల్లటి జిగురు పేరుకుని ఉంది. లోపల చెమ్మ పట్టి, ఆ చెమ్మను ఎండబెట్టేంత వేడి ఏనాడూ అందని ఇంజినులో ఉండే జిగురది. ఆ జిగురును డెంకణికోట వైపు కొండల నుంచి వచ్చే బండ్లలో ఆయన ఎన్నోసార్లు చూశాడు, గుడ్డతో తుడిచేశాడు. కృష్ణగిరి ఎండలో తిరిగే బండ్లలో చూసిన గుర్తు లేదు.

అక్కడే ఆగిపోయాడు. కృష్ణగిరి బండ్లు ఎన్నేళ్లకు ఇంజిన్ పనికి వస్తున్నాయి, ఈ కొండ మీది బండ్లు ఎన్నేళ్లకు వస్తున్నాయి? అదే రకం బండి, అదే మెకానిక్కు. కొండ మీదివి దాదాపు సగం కాలానికే వచ్చేస్తున్నాయి. ఇన్నాళ్లూ దానికి ఆయన దగ్గర రకరకాల కారణాలుండేవి. ఘాట్లు ఎక్కువన్నాడు. డీజిల్లో కల్తీ అన్నాడు. సీతమ్మ క్లచ్చు మీద కాలు పెట్టుకుని తోలుతుందని నలుగురిలో నవ్వించాడు కూడా.

వాల్వు ఉండాల్సిన గూట్లోకి టార్చి వేశాడు. ఖాళీ గూడు ఆయన వైపు చూసింది.

అయినా మనిషి అంత తేలిగ్గా లొంగలేదు. బజారుకు పోయి కొత్త వాల్వు ఒకటి కొనుక్కొచ్చి తన సొంత జీపుకు బిగించాడు. దాని వాల్వు పీకి పాతికేళ్లయింది. డెంకణికోట దాకా పోయి తిరిగొచ్చాడు. వచ్చేటప్పుడు చలి బాగానే ఉంది. ముల్లు మెల్లగా లేచి నడుమకు వచ్చి నిలబడింది, ఇంకా పైకి పోలేదు. షెడ్డు ముందు ఆపి, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆ గొంతులో గరగర లేదు. ఇన్నేళ్లూ తన చెవి జలుబు చేసిన గొంతునే అసలు గొంతనుకుందని ఆయనకు అర్థమయింది. ఇంజిన్ ఆపి జీపు బానెట్టు మూశాడు.

మధ్యాహ్నం అలివేలమ్మ రాగిముద్దా, పితికిపప్పూ పెట్టింది. అనపగింజలు నానబెట్టి, తొక్క పితికి వండే ఆ పప్పంటే రమణప్పకు ప్రాణం. ఆరోజు ముద్దను వేళ్లతో పొడుస్తూ కూర్చున్నాడు.

"ఏమైంది నీకు?"

అంతా చెప్పాడు. అలివేలమ్మ గరిటె పట్టుకుని విన్నది.

"యార్డు ఇంజిన్ పెట్టేయమని చెప్పినానంటే, ఇది తుక్కులోకి పోతుంది," అన్నాడు చివర్లో. "లోపల ఏముండాదో, ఏం లేదో ఎవరూ చూడరు. ఆ ఇంజినుకు వాల్వు ఎట్లూ ఉంటుంది. నేను నోరు మూసుకుంటే చాలు. రెండు దినాల్లో వాళ్ల పని అయిపోతుంది. వాళ్లకూ అదే మేలేమో."

"మేలని తోస్తే అదే చెయ్యి."

"అదే తెలీడం లేదు. ఈ ఇంజిన్ బ్లాకు గట్టిది. బోరు వేయిస్తే ఇంకో ఇరవై ఏండ్లు వస్తుంది. యార్డు ఇంజిన్ ఎవరు తోలినారో, ఎట్ల తోలినారో దేవుడికే ఎరుక. పనివాడిగా చెప్పాలంటే దీన్నే కట్టమనాల. కట్టమని చెప్పి, ఎందుకు పోయిందో చెప్పకుండా ఉండేది నాతో కాదు. చెప్పినానంటే నా పేరు..."

పేరుతో పాటు షెడ్డు కూడా కళ్లముందు ఊగింది.

అలివేలమ్మ ఇంకొంచెం పప్పు వేసింది. "నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు, నిజమే. కానీ దినమ్మూ నీ ముందర కూర్చుని ముద్ద పెట్టేది నేను కదా. ఈ మొహాన్ని ఎన్నేండ్లు చూడాల?"

రమణప్ప చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున తల్లీ కూతుళ్లు వచ్చారు. రమణప్ప ఇద్దరికీ స్టూళ్లు వేశాడు. తను నిలబడే మాట్లాడాడు. వాల్వు అంటే ఏమిటో, తను దాన్ని ఎప్పుడు పీకాడో, ఎందుకు పీకాడో, అది లేక చలిలో ఇంజిన్ ఇరవై ఏళ్లు ఎలా అరిగిందో ఒక్కొక్కటే చెప్పాడు. గురువు పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే సగం బరువు తగ్గేది. ఆ సగం దించుకోవడం ఇష్టంలేకపోయింది.

"భువన చెప్పిందే నిజం. అరిగింది నీ వల్ల కాదు సీతమ్మా, డీజిల్ వల్ల కాదు. నా వల్ల. నా సలహా అడిగితే దీన్నే కట్టమంటాను. నా కూలి వద్దు. నా చేత వద్దనుకుంటే ఇంజిన్ను ఇట్లే బండికెత్తి, నువ్వు చెప్పిన షెడ్డుకు నేనే తోలిస్తా."

సీతమ్మ ఇంజిన్ వైపు వంగింది. ఖాళీ గూటి వైపు చూసింది, ఆయన వైపు చూసింది.

"అయితే ఆ పొద్దు ఏనుగు ముందర నన్ను కూర్చోబెట్టింది నువ్వే," అంది.

"నేనే," అన్నాడు రమణప్ప.

ఆమె లేచి కొంగు సవరించుకుని బయటికి నడిచింది. భువన వెనక్కి తిరిగి ఏదో అనబోయి, తల్లి ఆగకపోవడంతో తనూ వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులు రమణప్ప ఏ పనీ సరిగా చేయలేకపోయాడు. సీతమ్మ ఇంజిన్ మీద శుభ్రమైన పంచె ఒకటి కప్పి ఉంచాడు. దాన్ని దాటుకుని పోతున్న ప్రతిసారీ ఏనుగు మాట చెవిలో పడేది. ఆమె తిట్టినా బాగుండేది, శాపం పెట్టినా బాగుండేది. ఆ మాటలో తిట్టు లేదు, అందుకే అది దిగబడింది. బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద కుమ్మరించి చూశాడు. ఏ వాల్వు ఏ బండిదో చాలావాటికి ఇంకా చెప్పగలడు. తన జ్ఞాపకశక్తి మీద మొదటిసారి ఆయనకు కోపం వచ్చింది.

మూడోరోజు సీతమ్మ ఒక్కతే టౌన్ బస్సు దిగింది. చంకలో అనపకాయల సంచి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి, ఆయన స్టూలు వేయకముందే తనే లాక్కుని కూర్చుంది.

"భువన ఇంజిన్ మార్చేద్దామంటుంది. దాని నాయన, నీ ఇష్టం అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే," అంది.

"నువ్వేమనుకుంటా ఉండావు?"

"రెండు దినాలు నిన్ను మనసులోనే తిట్టినాను. ఎన్ని తిట్లో చెప్తే నువ్వు ఓర్చుకోలేవు. తిట్టి తిట్టి అలిసిపోయినంక ఇంకో షెడ్డుకు పోదామనుకున్నా. నీ తప్పేందో నాకు తెలిసిపోయింది. నువ్వే చెప్పినావు. కొత్తోడు ఏం తప్పు చేస్తాడో నాకెట్ల తెలిసేది? చేసినా వాడు చెప్తాడా? ఆ యార్డు ఇంజిన్ కూడా అంతే కదా. ఎవరి తప్పు మోసుకొని వస్తా ఉండాదో. అందుకే దీన్నే కట్టు. నువ్వే కట్టు."

రమణప్ప కప్పిన పంచె అంచు పట్టుకుని ఇంజిన్ మీద లేని దుమ్మును దులిపాడు.

"కూలి వద్దన్నావే, ఆ మాట వెనక్కి తీసుకో. ఊరికే చేసే పని ఎట్లుంటుందో నాకు తెలుసు," అంది సీతమ్మ. "ఇంగో మాట. మా ఊర్లో ఆరు బండ్లుండాయి. ఆరింటినీ నీ దగ్గరికి పంపింది నేను. ముల్లు లేయదు చూడండని వాళ్ల నెత్తిన కొట్టింది నేను. నీ తప్పులో నాకూ పాలుండాది. ఇప్పుడు వాళ్లకు ఎవరు చెప్పేది?"

"నేనే వస్తా. నేనే చెప్తా."

"చెప్పు. నేను పక్కన నిలబడతా."

ఇరవై రోజులన్న పని పద్దెనిమిది రోజుల్లో అయింది. బోరు వేయించే లేతు దగ్గర రమణప్ప స్వయంగా నిలబడి, వాళ్ల ప్రాణం తీశాడు. భువన రెండుసార్లు ఫ్యాక్టరీ నుంచి నేరుగా షెడ్డుకు వచ్చి బోరు కొలిచింది. మొదటిసారి ఆయన చూసీ చూడనట్టున్నాడు, రెండోసారి ఆయనే పిలిచి కొలవమన్నాడు. ఆ పద్దెనిమిది రోజులూ ఆయన జీపు సీతమ్మ ఇంట్లో ఉంది. అనపకాయలు ఒక్కరోజు ఆగకుండా మార్కెట్టుకు వచ్చాయి. జీపులో ఆకులూ, తొక్కలూ, మట్టీ నిండిపోయాయి. రమణప్పకు ఎందుకో అది చూసి సంతోషమనిపించింది.

ఒక ఆదివారం పొద్దున ఆయన వాల్వు పెట్టి కట్టిన బండిని తనే తోలుకుని ఆ పల్లెకు పోయాడు. పక్క సీట్లో ఆరు కొత్త వాల్వులున్నాయి. మంచు ఇంకా విడవలేదు. సీతమ్మ వాకిట్లో బండి ఆపి, ఇంజిన్ ఆర్పి, తాళం ఆమె చేతికిచ్చాడు. ఆమె తాళం తిప్పింది. అడిగిందే తడవుగా ఇంజిన్ పలికింది. వాసుదేవ వసారాలోంచి "మెల్లగా తోలు" అన్నాడు, బండి ఇంకా కదలకముందే.

ఆ తర్వాత ఇద్దరూ కాలినడకన ఇల్లిల్లూ తిరిగారు. మొదటింట్లో వాళ్లకు అర్థం కాలేదు. పీకడానికి వచ్చాడేమోననుకుని, "మాది పీకేసినావు కదన్నా" అన్నారు. రెండోయింట్లో నవ్వారు. మూడో ఇంటాయన ఏమీ అనకుండా బానెట్టు ఎత్తి పక్కకు నిలబడ్డాడు. ప్రతి గడపలోనూ రమణప్ప అదే మాట మొదటినుంచీ చెప్పాడు. చెప్పగా చెప్పగా ఆ మాట నాలుక మీద తిరగడం నేర్చుకుంది గానీ, చెప్పడం మాత్రం ఒక్క ఇంట్లోనూ తేలిక కాలేదు.

చివరిది కేశవప్ప ఇల్లు. కేశవప్పకు డెబ్బై దాటాయి, ఊళ్లో ఆయన నోటికి జడవనివాళ్లు లేరు. రెండేళ్ల కిందటే ఇంజిన్ పని చేయించుకున్నాడు, అదీ రమణప్ప దగ్గరే. మొత్తం విన్నాడు. చేతికర్ర పక్కన పెట్టాడు.

"తీసింది నువ్వు, పోగొట్టింది నువ్వు, బాగుచేసి కూలి తీసుకుంది నువ్వు, ఇప్పుడు పెట్టేది నువ్వు. నిన్ను ఏమనాలప్పా?"

"ఏమన్నా అను కేశవప్పా. పడతాను."

కేశవప్ప ఆ అనుమతిని వృథా చేసుకోలేదు. రమణప్ప బానెట్టు కింద తల దూర్చి బోల్టులు విప్పినంతసేపూ, వాల్వు కూర్చోబెట్టినంతసేపూ, నీళ్లు నింపినంతసేపూ తిట్టాడు. తెలుగులో తిట్లు అయిపోయాక తమిళంలోకి దిగాడు. మెకానిక్కులను తిట్టాడు, వాళ్లకు పని నేర్పినవాళ్లను తిట్టాడు. సీతమ్మను కూడా రెండు కలిపాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి వింది, మధ్యలో వెళ్లిపోలేదు. రమణప్ప ఒక్క మాటకూ బదులు చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా ఏ మాట పడకూడదని బతికాడో ఆ మాటలన్నీ వరసగా వచ్చి మీద పడుతున్నాయి, ఆయన చేతిలో స్పానరు మాత్రం జారలేదు. చివరి బోల్టు బిగించి, ఇంజిన్ ఆడించి, గొట్టం మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. నీళ్లు ఎక్కడా కారడం లేదు.

తిట్లు ఆగాయి. కేశవప్ప కర్ర తీసుకుని లేచాడు.

"చేతులు కడుక్కో. ఆడ తొట్టిలో నీళ్లుండాయి. ముద్ద చల్లారిపోతా ఉండాది," అన్నాడు.

రమణప్ప తొట్టి దగ్గర మోచేతుల దాకా రుద్దుకుని కడుక్కున్నాడు. లోపల్నుంచి అనపగింజల పులుసు వాసన వస్తోంది. మూడు వారాలుగా అలివేలమ్మ ఎంత బతిమాలినా సహించని తిండి మీదికి ఒక్కసారిగా మనసు పోయింది. ఆకు ముందు కూర్చుని రెండు ముద్దలు తిని, సిగ్గుపడకుండా మూడోది అడిగాడు.